కార్డు ఊళ్లో, బతుకు బోరబండలో

హైదరాబాద్ బోరబండ నుంచి ఒక పాఠకురాలు నోటు పుస్తకంలోంచి చింపిన నాలుగు కాగితాల మీద రాసి పంపిన ఉత్తరం ఇది. కూతురి చేత రాయించినట్టున్నారు. పేరు వేయవద్దన్నారు. కుదించి ఇస్తున్నాం:

"మాది నారాయణపేట వైపు పల్లె. పన్నెండేళ్ల కింద పట్నం వచ్చాం. మా ఆయన తాపీ మేస్త్రీ. నేను మూడిళ్లలో పని చేస్తాను, నెలకు 11,000 వస్తాయి. పాప పదో తరగతి, బాబు నాలుగు, ఇద్దరూ ప్రైవేటు స్కూల్లోనే. నాలుగు నెలల కింద ఒక అపార్ట్‌మెంటు పనిలో మా ఆయన రెండో అంతస్తు పరంజా మీది నుంచి పడ్డాడు. కాలు విరిగి రాడ్ వేశారు. పక్కనే ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఆరోగ్యశ్రీ లేదన్నారు. బిల్లు 1,45,000 అయింది. గుంపు మేస్త్రీ మా ఆయనకు వరసకు బావ. 15,000 ఇచ్చి 'ఇగ లెక్క అయిపోయింది' అన్నాడు. నా ఒకటిన్నర తులాల గొలుసు కుదువ పెట్టి 50,000, గ్రూపు లోను మీద ఇంకో లోను 40,000, రోజువారీ వసూళ్ల గిరిగిరి ఫైనాన్స్‌లో చేతికి 17,000, మా తమ్ముడి దగ్గర 23,000 తెచ్చి కట్టాం.

ఇప్పుడు ఇంటి కిరాయి 5,500. గ్రూపు లోన్లు రెండూ కలిసి వారానికి 1,260. గిరిగిరి రోజుకు 200, కట్టని రోజు 50 ఫైన్. గొలుసు మీద రెండు రూపాయల వడ్డీ. స్కూల్లో పాప ఫీజు 14,000 బాకీ ఉంది, హాల్ టికెట్ ఇవ్వం అంటున్నారు. ఇంకో ఆరు నెలలు పరంజా ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. రేషన్ కార్డు ఊళ్లో మామ పేరు మీద ఉంది, అందులో బాబు పేరు లేదు. కార్డు ఇక్కడికి మార్చుకుందామంటే మా అత్త 'కార్డు తెంపుకుంటే ఇల్లు తెంపుకున్నట్టే' అంటుంది. పక్కింటామె ఫోన్‌లో యాప్ చూపించి పది నిమిషాల్లో 30,000 పడతాయంటోంది. గవర్నమెంటు సాయం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామంటే మా ఆయన 'నేను సచ్చిన్ననుకున్నవా, నువ్వు చేయి చాపనీకి?' అంటాడు. ఆయనకు చెప్పకుండా వెళ్లొచ్చా? ఎక్కడికి వెళ్లాలి? ఒక లక్ష దొరికితే ఒడ్డున పడతాం."

అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ప్రతి అప్పూ రూపాయితో సహా రాశారు. సాయం కావాలని ఉత్తరాలు రాసేవాళ్లలో ఇలా లెక్క చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ముందు ఆ లెక్కే చూద్దాం. కిరాయి 5,500. గ్రూపు లోన్లు నెలకు దాదాపు 5,450. గిరిగిరి 6,000. గొలుసు వడ్డీ 1,000. అంతా కలిపితే 18,000కి యాభై తక్కువ. మీ రాబడి 11,000. బియ్యం గింజ కొనకముందే నెలకు ఏడు వేలు లోటు. లక్ష ఎవరైనా చేతిలో పెట్టినా ఏడాది తిరిగేసరికి ఈ లోటు దాన్ని మింగేస్తుంది. మీరు వెతకాల్సింది లక్ష రూపాయలు కాదు, నెలనెలా పోయే ఈ ఏడు వేలు ఆపే దారి. అందులో కొంత ప్రభుత్వం దగ్గర ఉంది, కొంత ఆ బిల్డరు దగ్గర ఉంది, కొంత మీ గొలుసులోనే ఉంది.

గొలుసుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. తులం లక్ష దాటిన రోజులివి. ఒకటిన్నర తులం మీద మీకు 50,000 ఇచ్చి షాపు ఆయన సంతోషంగా కూర్చున్నాడు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అదే గొలుసు బ్యాంకులో పెడితే వడ్డీ ఏడాదికి పది శాతం అటూఇటూ ఉంటుంది, విలువలో ఎక్కువ భాగం దాకా ఇస్తారు. లక్ష ఇస్తామన్నా మీరు తీసుకోవద్దు. 75,000 చాలు. అందులో 54,000తో షాపు అసలు, నాలుగు నెలల వడ్డీ తీరతాయి. మిగిలిన దాంతో గిరిగిరి మూసేయవచ్చు. బ్యాంకు వడ్డీ నెలకు 625 దగ్గర తేలుతుంది. అప్పుడు మీ నెల ఖర్చు 18,000 నుంచి పదకొండున్నర వేలకు దిగుతుంది. ఇంకా తిండికి మిగలలేదు, నిజమే. కానీ రోజూ తలుపు కొట్టే మనిషి పోతాడు.

చిక్కు ఒక్కటే. గొలుసు విడిపించడానికి 54,000 ముందు చేతిలో ఉండాలి. కొన్ని బ్యాంకులు, బంగారం లోను ఇచ్చే సంస్థలు తమ మనిషిని మీ వెంట పంపి విడిపించి తీసుకొస్తాయి. అడిగి చూడండి. లేదంటే మీరు పని చేసే ఇళ్లలో ఒక మేడమ్‌ని ఒక్క రోజు కోసం అడగండి, బ్యాంకు దాకా తోడు రమ్మనండి. షాపు ఇచ్చిన చీటీ మీద గొలుసు బరువు రాసి ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. ఇంకో మాట కూడా చెప్పాలి. బ్యాంకులో గొలుసు ఉంటే ఊరికే ఉండదు, గడువుకు కట్టకపోతే నోటీసు ఇచ్చి వేలం వేస్తారు. ఆ భయం ఉంటే గొలుసు అమ్మేసి పుస్తెలు మాత్రం ఉంచుకునే దారి కూడా ఉంది. అప్పుడు గొలుసు వడ్డీ అన్నదే ఉండదు, కొత్త గ్రూపు లోను కూడా తీరిపోవచ్చు. ఏది నయమో నేను చెప్పలేను. గొలుసు మీది.

గిరిగిరి సంగతి. 20,000 రాసుకుని 3,000 ముందే కోసుకుని 17,000 ఇచ్చి, రోజుకు 200 చొప్పున వంద రోజులు. వినడానికి మూడు వేలే కదా అనిపిస్తుంది. రోజూ అసలు కూడా తగ్గుతోంది కాబట్టి లెక్క తీస్తే నెలకు పది రూపాయల వడ్డీ పైనే పడుతుంది. మీరు 55 రోజులు కట్టామన్నారు, అంటే 11,000. మిగిలింది 9,000. అతను ఫైన్లు కలిపి 16,000 అంటున్నాడని ఉత్తరం చివర రాశారు. కట్టే రోజున ఒంటరిగా కట్టవద్దు. బస్తీలో నలుగురికి తెలిసిన పెద్దమనిషిని పక్కన పెట్టుకుని, 9,000 మీద ఏదో ఒక న్యాయమైన మాటకు వచ్చి, మీరు సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకున్నాకే డబ్బు చేతికివ్వండి. నోటు రాకుండా డబ్బు ఇస్తే ఆ అప్పు ఇంకా బతికే ఉంటుంది.

గ్రూపు లోన్లు వేరే రకం. అవి మైక్రోఫైనాన్స్ సంస్థలు ఇచ్చేవి, రిజర్వ్ బ్యాంకు నిబంధనల కిందికి వస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఒక కుటుంబం అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకుండా చూసుకునే లోను ఇవ్వాలి. మీకు రెండో లోను ఇచ్చేటప్పుడు ఆయన మంచం మీద ఉన్న సంగతి వాళ్లకు తెలుసా? ఫారంలో ఆదాయం ఎంత రాశారు? లోను కార్డు తీసి చూడండి. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. మీరు వాయిదాలు కట్టే సెంటర్ మీటింగుకు వరుసగా రెండుసార్లు రాకపోతే తప్ప ఇంటికి రాకూడదు. కానీ ఈ నిబంధనలు చెప్పి కొట్లాడమని నేను అనను. ముందు బ్రాంచి మేనేజరును కలిసి, ఆసుపత్రి కాగితాలు చూపించి, వారం వాయిదా సగానికి తగ్గించి కాలం పొడిగించమని రాతపూర్వకంగా అడగండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. వాళ్లకూ మొండి బాకీ కన్నా చిన్న వాయిదా మేలు. ఒప్పుకుంటే మీ క్రెడిట్ రికార్డులో ఒక గీత పడుతుంది, కొన్నాళ్లు కొత్త లోను రాదు. ప్రస్తుతం మీకు అది శిక్ష కాదు, రక్షణ. ఒప్పుకోకపోతే, లేదా నెల దాటినా జవాబు ఇవ్వకపోతే, రిజర్వ్ బ్యాంకు ఫోన్ నంబరు 14448. ఖర్చు లేదు. లోను కార్డులో ఇన్సూరెన్స్ పేరుతో ఏమైనా కోశారా అని కూడా చూడండి. కొన్ని సంస్థలు ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఇంత అని ఇచ్చే పాలసీ కలిపి అమ్ముతాయి. అమ్మేటప్పుడు చెప్తారు, అడగకపోతే ఇవ్వరు.

వాయిదా కట్టని వారం మీ గ్రూపు ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చున్నారని, వాళ్ల మొహం చూడలేకపోతున్నానని రాశారు. వాళ్లను తిట్టుకోకండి. మీ వాయిదా వాళ్ల చీర కొంగుకు కట్టి వెళ్లిపోయాడు ఆ ఆఫీసరు. మేనేజరు దగ్గరికి వాళ్లలో ఇద్దరిని వెంట తీసుకెళ్తే మీకే బలం.

యాప్ జోలికి వెళ్లవద్దు. దీని గురించి ఇంకో వాక్యం కూడా అనవసరం. ఇప్పటికే నంబర్లు, ఫొటోలు ఇచ్చేసి బెదిరింపులు మొదలై ఉంటే మాత్రం సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక ఆసుపత్రి బిల్లు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆరోగ్యశ్రీ లేని ప్రైవేటు ఆసుపత్రిలో కట్టిన డబ్బులో కొంత ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి వెనక్కి రావచ్చు. ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. 2024 జులై నుంచి అవి ఆన్‌లైన్‌లో ఎక్కుతున్నాయి. మీ ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంది కాబట్టి మీ ఊరి ఎమ్మెల్యే ఆఫీసుకే వెళ్లడం తేలిక. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. ఒరిజినల్ అన్న మాట కింద గీత గీసుకోండి. మా ఇంట్లో పని చేసిన ఒకామెకు తోడుగా నేను ఒకసారి ఇలాంటి ఆఫీసుకు వెళ్లాను. గంటన్నర లైన్లో నిలబడ్డాం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, మందుల బిల్లులు జిరాక్స్ అని చూసి, మా వైపు చూడకుండానే ఫైలు పక్కకు నెట్టాడు. ఒరిజినల్స్ ఎక్కడున్నాయంటే, అప్పు ఇచ్చిన వాళ్ల బంధువు "చూసి ఇస్తా" అని తీసుకెళ్లాడట. వాటి కోసం మళ్లీ పదకొండు రోజులు. మీ బిల్లులు ఎవరి దగ్గర ఉన్నాయి? బావ దగ్గర ఉంటే ముందు అవి తెచ్చుకోండి.

ఈ నిధిలో నకిలీ బిల్లులు బయటపడి 2024లో సీఐడీ ఆసుపత్రుల మీద కేసులు పెట్టింది. అప్పటి నుంచి పరిశీలన గట్టిగా ఉంది, ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగుతారు. కాబట్టి "మీ బిల్లు ఎక్కువ చేసి రాయిస్తా, నాకు సగం ఇవ్వు" అనే మనిషి కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. బిల్లు మొత్తం రాదు, ఒక భాగం వస్తుంది. ఎప్పుడు వస్తుందంటే నెలలు పడుతుంది. ఆ చెక్కు నమ్ముకుని ఎవరికీ మాట ఇవ్వకండి. వచ్చిన రోజున మీ తమ్ముడి 23,000 తీర్చండి, పాపం ఆయన అడగలేదని రాశారు.

ముందు ముందు కాలుకు ఏ చికిత్స కావాలన్నా, రాడ్ తీయించాలన్నా, ఫిజియోథెరపీ అన్నా, ఇంకా ఆ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లవద్దు. గాంధీకి వెళ్లండి, ఉస్మానియాకు వెళ్లండి, లేదా ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రికి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఆ పథకం కింద చేస్తారు. చేరేముందే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కార్డు చూపించి అడగాలి, చేరాక కాదు. అనుమానం ఉంటే 104కి ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో మూడో పేజీలో ఒక చిన్న వాక్యం ఉంది: "పోలీసు కేసు అవుతుందని బావ చెప్తే ఆసుపత్రిలో బాత్రూంలో జారి పడ్డట్టు రాయించాం." మీరు దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. పనిలో ఉండగా దెబ్బ తగిలిన కూలీకి పరిహారం ఇవ్వాలన్నది 1923 నాటి చట్టం నుంచీ ఉన్న హక్కు. ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. వైద్యం ఖర్చు, పని చేయలేని కాలానికి నెల కూలిలో దాదాపు సగం, చట్టం పెట్టిన పరిమితిలో యజమాని ఇవ్వాలి. యజమాని అంటే బావ ఒక్కడే కాదు. గుంపు మేస్త్రీని పెట్టుకుని అపార్ట్‌మెంటు కట్టించుకునే బిల్డరు కూడా బాధ్యుడే. 15,000 తీసుకున్నంత మాత్రాన లెక్క అయిపోదు. కానీ మీ దగ్గరున్న కాగితం బాత్రూం అంటోంది.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, వదిలేయడం. బావతో పొత్తు ఉంటుంది, కాలు బాగయ్యాక మళ్లీ ఆయన గుంపులోనే పని దొరుకుతుంది. లక్షన్నర బిల్లు మీ నెత్తినే ఉంటుంది. రెండు, ఊరి పెద్దల సమక్షంలో బావతో కూర్చుని, బిల్డరు దగ్గరికి ఆయన్నే తీసుకెళ్లడం. పెద్ద బిల్డర్లు చాలామంది కూలీల కోసం ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటారు. అలా ఉంటే బావ జేబులోంచి రూపాయి పోదు, అదే ఆయనకు చెప్పండి. ఆయన భయం మీ మీద కోపం కాదు, బిల్డరు ఇంకో పని ఇవ్వడేమోనని. మూడు, కార్మిక శాఖలో క్లెయిమ్. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఆ శాఖ ఆఫీసులున్నాయి. ఈ దారిలో డబ్బు గట్టిగా రావచ్చు, కాలం పడుతుంది, బావతో మాటలు తెగిపోవచ్చు. అబద్ధం రాయించారన్న సంగతి అక్కడ మీ నోటితోనే చెప్పాల్సి వస్తుంది.

నా మనసులో మాట అడిగితే రెండో దారి. కానీ మూడోది చేతిలో ఉంచుకుని రెండోదానికి వెళ్లండి, ఉత్త చేతులతో కాదు. అంటే సాక్ష్యాలు ఇప్పుడే పోగు చేయాలి. బావ వారం వారం ఫోన్‌పేలో కూలి పంపిన లెక్కలు, హాజరు పుస్తకం ఫొటో, ఆ రోజు పక్కన పని చేసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు. ఆసుపత్రి నుంచి చికిత్స వివరాలు రాసిన కేసు షీటు కాపీ అడగండి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యులకు నియమం ఉంది. తీసుకొచ్చిన మొదటి పది నిమిషాల్లో, బావ ఇంకా మాట్లాడకముందు, డ్యూటీ డాక్టరు చేత్తో రాసుకున్నది ఏమిటో అందులో ఉంటుంది. ఒక్కోసారి అక్కడ నిజమే ఉంటుంది. లాయరు ఫీజు భయం వద్దు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం, మీ ఆదాయానికి మీ ఆయనకూ ఉచితమే. ఫోన్ చేయాలంటే 15100.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు, అదే లేబర్ కార్డు, మీ ఆయనకు లేదన్నారు. పన్నెండేళ్లు ఇటుక మీద ఇటుక పెట్టిన మనిషికి కార్డు లేకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది, ఆయన మీద కాదు. కట్టే ప్రతి పెద్ద భవనం మీద కూలీల పేరుతో సెస్సు వసూలవుతుంది. ఆ డబ్బు ఉన్నది ఇలాంటి రోజు కోసమే. జరిగిన ప్రమాదానికి ఇప్పుడు కార్డు తీసుకున్నా రాదు, నమోదైన తర్వాత జరిగేవాటికే. అయినా ఇప్పుడే తీసుకోండి. గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసి ఉండాలని షరతు. ఆయన నాలుగు నెలల కింద దాకా పని చేశాడు కాబట్టి ఈ రోజు అర్హుడు. ఇంకో ఆరు నెలలు మంచం మీద ఉంటే అర్హత పోతుంది. రేపు పాప పెళ్లికి బోర్డు ఇచ్చే 30,000 కూడా ఆ కార్డు మీదే.

వికలాంగుల పింఛను 4,016 గురించి ఎవరో చెప్పారన్నారు. అది 40 శాతం పైగా శాశ్వత వైకల్యం ఉన్నవాళ్లకు. అతుక్కునే కాలుకు రాదు, రాకూడదని కోరుకుందాం. పర్సెంటేజీ ఎక్కువ వేయిస్తానని డబ్బడిగే బ్రోకరును నమ్మకండి.

రేషన్ కార్డు విషయంలో మీ అత్త మాట తీసిపారేయలేను. సన్నబియ్యం మనిషికి 6 కిలోలు. ఇప్పుడు కార్డులో మామ, అత్త, మీ ఆయన, మీరు, పాప, అంటే 30 కిలోలు ఊళ్లోనే దిగుతున్నాయి. మీరు విడిపోతే వాళ్లకు మిగిలేది 12. ముసలివాళ్లకు అది తెంపుకున్నట్టే అనిపిస్తుంది. పైగా ఇంకో ప్రమాదం ఉంది. పాత కార్డులోంచి పేర్లు తీయించి కొత్త కార్డు వచ్చేలోపు మీరు ఎటూ కాకుండా పోతారు, ఆ మధ్యలో ఆయన కాలుకు ఆరోగ్యశ్రీ అవసరం పడితే? కాబట్టి విడగొట్టడం ఇప్పుడు వద్దు. ముందు మీసేవలో బాబు పేరు ఉన్న కార్డులోనే చేర్పించండి, 6 కిలోలు పెరుగుతాయి, బాబుకు ఆరోగ్యశ్రీ కూడా వస్తుంది. మీ వాటా బియ్యం పంపమని అత్తను అడగండి. రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు కాబట్టి ఒక నెల మీరు ఇక్కడ, ఒక నెల వాళ్లు అక్కడ తీసుకునేలా మాట్లాడుకున్నా సరే. కాలు బాగయ్యాక, అత్త మనసు కుదుటపడ్డాక విడగొట్టుకోవచ్చు. 200 యూనిట్ల ఉచిత కరెంటు కిరాయిదారులకూ ఉంది. కానీ మీ ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటున్నాడంటే దానికోసం ఇప్పుడు గొడవ పడి గది పోగొట్టుకోవద్దు.

పాప హాల్ టికెట్ గురించి టెన్షన్ పడకండి. పదో తరగతి హాల్ టికెట్లు బోర్డు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, నెట్ సెంటర్‌లో పాప పేరు, పుట్టిన తేదీ కొట్టి తీసుకోవచ్చు. దానికన్నా ముఖ్యం, పరీక్ష ఫీజు కట్టారా, నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, పేరు వెళ్లిందా అన్నది రేపే కనుక్కోండి. బాకీ ఎగ్గొట్టమని చెప్పడం లేదు. ఆ స్కూలు టీచర్లకు జీతం ఇచ్చేది మీలాంటి వాళ్ల ఫీజులతోనే. నెలకు వెయ్యి చొప్పున కడతామని రాసివ్వండి. మీరు పని చేసే ఇళ్లలో ఎవరైనా పాప ఫీజు నేరుగా స్కూల్లో కట్టి, మీ జీతంలో నెలకు కొంత కోసుకుంటారేమో అడగండి. పట్నంలో వడ్డీ లేని అప్పు దొరికేది ఆ ఒక్క చోటే. బస్తీలో జకాత్ ఇచ్చేవాళ్లు, చర్చి వాళ్లు, కుల సంఘాల వాళ్లు కూడా చదువు ఫీజు అంటే ఎంతో కొంత ఇస్తారు, అప్పు తీర్చడానికి అంటే ఇవ్వరు. అడిగేటప్పుడు స్కూలు రసీదు పుస్తకం చూపించండి.

బాబు నాలుగో తరగతి కాబట్టి గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించవచ్చు, సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లవే. కానీ తొమ్మిదేళ్ల పిల్లాడు, తండ్రి మంచం మీద ఉన్న ఏడాదిలో హాస్టల్‌కు వెళ్తే తనను పంపించేశారనుకుంటాడేమో. వాణ్ణే అడగండి. వద్దంటే పక్క సర్కారు బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది.

చివరికి ఈ నగరం మీలాంటి కుటుంబాలకు ఇచ్చే ఇంకో దారి చెప్తాను, మీకూ తెలిసే ఉంటుంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పని. సెల్లార్‌లో గది ఉచితం, జీతం కొంత, అదే బిల్డింగులో మీకు ఇళ్లు దొరుకుతాయి. కిరాయి 5,500 మిగిలితే పైన చెప్పిన లెక్క ఒక్కసారిగా తేలిక పడుతుంది. ఆయన కూర్చుని చేయగలడు. కానీ సెల్లార్ గదిలో దోమలు, గాలి రాదు, అర్ధరాత్రి కార్ల హారన్లు, మెట్లు ఊడ్చే పని మీ నెత్తిన ఊరికే పడుతుంది. పాప పరీక్షల ముందు ఇల్లు మారడం మంచిది కాదు. పరీక్షలు అయ్యాక చూడండి. తోపుడు బండి పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఇప్పుడు వినకండి. వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం కింద మొదటి విడత 15,000 లోను ఉంది, మంచిదే. కానీ మీ నిలకడ జీతం ఆ మూడిళ్లదే, దాన్ని వదిలి బండి ముందు నిలబడే ఏడాది ఇది కాదు.

ఇవన్నీ చేశాక కూడా ఏదైనా ఆఫీసులో కాగితం కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. మంగళ, శుక్రవారాల్లో బేగంపేట ప్రజాభవన్‌లో. దరఖాస్తు నంబరు ఇస్తారు, ఆ నంబరు పారేసుకోకండి.

ఆయనకు చెప్పకుండా వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లలేరు. బిల్లులు ఆయన పేరు మీద ఉన్నాయి, సహాయ నిధి చెక్కు ఆయన పేరు మీదే వస్తుంది, కేసు షీటు అడగాలంటే ఆయన సంతకం కావాలి, లేబర్ కార్డుకు ఆయన వేలిముద్ర కావాలి. దీన్ని అడ్డంకి అనుకోకండి. "నువ్వు చేయి చాపుతావా" అన్న మనిషికి "నీ కూలి మీద నీకు రావాల్సింది అడగనీకి నువ్వే రావాలె" అని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు. ముందు ఆ లేబర్ కార్డు కోసం కార్మిక శాఖ ఆఫీసుకే తీసుకెళ్లండి, సాయం అడిగే చోటికి కాదు. అక్కడ ఆయన మేస్త్రీగా నిలబడతాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడన్నారు కదా, బస్సులో ముందు సీటు అడిగి కూర్చోబెట్టండి. మీకు జీరో టికెట్, ఆయనకు మాత్రం టికెట్ తీసుకోవాలి. చిల్లర పెట్టుకుని వెళ్లండి.